అడవిని, ఇంటిని ఒక్కటిగా ప్రేమించిన విభూతి బాబు



మన సంచికలో ఏటా వీరుల గురించి రాసుకుంటాం. యుద్ధాలు, పతకాలు, అమరులైన జవాన్లు. అది మన ధర్మం, రాయాల్సిందే. ఈసారి మాత్రం తుపాకీ పట్టని ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన ఫౌజీ కాదు, తెలుగువాడూ కాదు. ఒక బడిపంతులు. అయినా మనకు దగ్గరి పొరుగువాడే. మన సిద్ధగోరాకు దగ్గర్లో పారే సువర్ణరేఖ నది ఇంకా కిందికి పోయి ఘాట్‌శిలా చేరుతుంది. ఆ నది ఒడ్డునే ఆయన అంత్యక్రియలు జరిగాయి. ఆయన పేరు విభూతిభూషణ్ బందోపాధ్యాయ. బెంగాలీలు బిభూతి అని పలుకుతారు. మనం విభూతి బాబు అనుకుందాం.

జంషెడ్‌పూర్‌లో ఉండే మనవాళ్ళు చలికాలంలో పిల్లల్ని తీసుకుని ఘాట్‌శిలా పిక్నిక్కు వెళ్తుంటారు. టాటానగర్‌లో లోకల్ ఎక్కితే ఆసన్‌బనీ, రాఖా మైన్స్, గాలూడీ దాటాక ఘాట్‌శిలా వస్తుంది. బురుడీ డ్యామ్ చూస్తారు, ధారాగిరి జలపాతం చూస్తారు, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. అదే ఊళ్ళో దహిగోడా అనే పేటలో ఒక చిన్న ఇల్లుంది. పేరు గౌరీకుంజ్. ఆ ఇల్లు ఎవరిదో తెలియకుండా దాని ముందునుంచే చాలామంది వెళ్ళిపోతుంటారు. పథేర్ పాంచాలి సినిమా పేరు విననివాళ్ళు తక్కువ. ఆ కథ రాసిన మనిషి ఇల్లే అది.

పేదింటి పెద్దకొడుకు

విభూతి బాబు 1894 సెప్టెంబరు 12న బెంగాల్‌లో కాంచ్రాపాడా దగ్గర మురాతిపూర్ అనే పల్లెలో, మేనమామల ఇంట్లో పుట్టారు. తండ్రి గారి ఊరు బారక్‌పూర్. కలకత్తా దగ్గర కంటోన్మెంట్ ఉన్న బారక్‌పూర్ కాదు సుమా, మన ఫౌజీలు పొరపాటు పడే అవకాశం ఉంది. ఇది బన్‌గావ్ దగ్గర, గోపాల్‌నగర్ పక్కన, ఇచ్ఛామతి నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. అప్పట్లో జెస్సోర్ జిల్లా. దేశ విభజనలో జెస్సోర్ పాకిస్తాన్‌కు పోయింది గానీ బన్‌గావ్ భాగం మనకు దక్కింది. 1971 నవంబరు 22న మన నాట్ విమానాలు శత్రువు సేబర్ జెట్లను కూల్చిన బయ్రా కూడా ఆ చుట్టుపక్కలే. కాబట్టి ఆ నేల మన ఫౌజీలకు కొత్తదేమీ కాదు.

తండ్రి మహానంద బందోపాధ్యాయ సంస్కృతం చదువుకున్నవారు, వృత్తి కథకుడు. కథకుడంటే మన వైపు పురాణం చెప్పే పౌరాణికుల్లాంటి వారన్నమాట. ఊరూరూ తిరిగి రామాయణ భారతాలు చెప్పి, ఇచ్చింది పుచ్చుకుని ఇంటికి రావాలి. ఎప్పుడు వస్తారో, ఎంత తెస్తారో ఎవరికీ తెలియదు. తల్లి మృణాళినీ దేవి ఆ వచ్చిన దానితో ఐదుగురు పిల్లల్ని సాకింది. ఇంటి పెద్ద బయట, ఇల్లాలు ఒంటరిగా ఇంట్లో, పిల్లలు గుమ్మం వైపు చూస్తూ ఉండడం అంటే ఏమిటో మన ఫౌజీ కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు.

ఐదుగురిలో విభూతి పెద్దవాడు. బొమ్మలు కొనే స్తోమత లేని ఇంట్లో పిల్లవాడికి ఆటస్థలం ఏముంటుంది? వెదురు పొదలు, మామిడి తోపులు, చెరువు గట్టు, ఇచ్ఛామతి నది. అడవి పువ్వుల పేర్లు, తీగల పేర్లు, పిట్టల పేర్లు ఆ వయసులోనే నోటికొచ్చాయి. ఖర్చు లేని సంతోషం అదొక్కటే మరి. పెద్దయ్యాక ఆయన రాసిన పుస్తకాలన్నిటికీ పెట్టుబడి అక్కడిదే.

బన్‌గావ్ హైస్కూల్లో చదువుతుండగానే తండ్రి పోయారు. ఇంటి బరువు పెద్దకొడుకు మీద పడింది. అయినా చదువు వదల్లేదు. 1914లో ఎంట్రన్స్ ఫస్ట్ క్లాసులో ప్యాసయ్యారు. కలకత్తా రిపన్ కాలేజీలో, అంటే ఇప్పటి సురేంద్రనాథ్ కాలేజీలో, 1916లో ఇంటర్, 1918లో డిస్టింక్షన్‌తో బి.ఏ. పూర్తి చేశారు. ఎం.ఏ., లా చదువుకు చేరారు గానీ డబ్బు లేక మానుకున్నారు. పై చదువు ఆగిపోయిన బాధ ఏమిటో ఇంటర్‌తోనే ఫౌజులో చేరిన నాలాంటి వాడికి బాగా తెలుసు. ఆయన ఆ బాధను పట్టుకుని కూర్చోలేదు. పంతులు ఉద్యోగం వెతుక్కున్నారు.

గౌరి

బి.ఏ. చదువుతుండగా 1917లో ఆయనకు గౌరీదేవితో పెళ్ళయింది. ఏడాది తిరిగేసరికి ఆమె చనిపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఆ దెబ్బ నుంచి ఆయన చాలాకాలం కోలుకోలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే ఒప్పుకోలేదు. చనిపోయినవారు ఎక్కడికి పోతారు అనే ప్రశ్న ఆయన్ను జీవితమంతా వెంటాడింది. 1944లో రాసిన దేవజాన్ అనే నవల ఆ ఆలోచన మీదే నడుస్తుంది.

ఘాట్‌శిలా ఇంటికి గౌరీకుంజ్ అని పేరు పెట్టింది ఈ గౌరి జ్ఞాపకంగానే. ఏడాది మాత్రమే కాపురం చేసిన భార్య పేరును ఇన్నేళ్ళ తర్వాత గుమ్మం మీద నిలిపిన మనిషి ఆయన. రెండో పెళ్ళయ్యాక కూడా ఆ పేరు అలాగే ఉంది. ఆ ఇల్లాలు కూడా ఎంత పెద్ద మనసు గలదో చూడండి.

గౌరి పోయాక కొంతకాలం హుగ్లీ జిల్లా జాంగీపాడాలో, తర్వాత కలకత్తాకు దక్షిణంగా ఉన్న హరినాభిలో పంతులుగా చేశారు. ఆయన రచయిత అయిన వైనం తమాషాగా చెబుతారు. హరినాభిలో ఒక కుర్రాడు, పంతులు గారు కథ రాస్తున్నారని తనంతట తానే ఊరంతా ప్రకటన చేసేశాడట. కనిపించిన ప్రతివాడూ కథ ఎప్పుడు వస్తుందని అడగడం మొదలెట్టారు. పరువు పోతుందని ఆయన నిజంగానే కూర్చుని ఒక కథ రాశారు. అదే ఉపేక్షిత. 1922లో ప్రవాసి అనే పెద్ద పత్రికలో అచ్చయింది. కుర్రాడి అల్లరి ఒక మహా రచయితను తయారు చేసిందన్నమాట.

తర్వాత గోసంరక్షణ సభ తరఫున ప్రచారకుడిగా తూర్పు బెంగాల్, అస్సాం, బర్మా సరిహద్దుల దాకా తిరిగారు. ఆపైన కలకత్తా పాథురియాఘాట ఘోష్ జమీందారుల ఇంట్లో సెక్రటరీగా, పిల్లల మాస్టారుగా చేరారు. వాళ్ళే 1924లో ఆయన్ను బీహార్‌లోని భాగల్‌పూర్ ఎస్టేటుకు అసిస్టెంట్ మేనేజరుగా పంపించారు. ఆయన జీవితంలో అసలు మలుపు అదే.

అడవిలో డ్యూటీ

భాగల్‌పూర్ దగ్గర గంగ ఒడ్డు లంక భూములు, వాటిని ఆనుకుని అడవి. ఎస్టేటు కచేరీ అంటే అడవి మధ్యలో ఒక పాక. చుట్టూ మైళ్ళ కొద్దీ రెల్లు, పొదలు, చెట్లు. మాట్లాడడానికి మనిషి దొరకడు. గుర్రం మీద తిరగాలి. కలకత్తాలో పెరిగిన గుమాస్తా అయితే వారం రోజుల్లో పారిపోయేవాడు. మారుమూల పోస్టులో ఒంటరిగా ఆరేసి నెలలు గడిపిన మన జవాన్లు ఈ పరిస్థితిని ఊహించుకోగలరు. మొదటి నెల రోజులు లెక్కపెడతాం. తర్వాత ఆ కొండ, ఆ మంచు, ఆ నిశ్శబ్దం మనలో చేరిపోతాయి. లీవులో ఇంటికెళ్ళాక ఊళ్ళో గోల భరించలేం. ఆయనకూ అచ్చం అలాగే అయింది.

ఆ అడవిలో కూర్చునే ఆయన పథేర్ పాంచాలి రాశారు. 1925లో మొదలుపెట్టి 1928లో పూర్తి చేశారు. బీహార్ అడవిలో కూర్చుని బెంగాల్‌లోని తన పల్లెను తలచుకుంటూ రాసిన పుస్తకం అది. అపు అనే పిల్లవాడు, వాడి అక్క దుర్గ, తల్లి సర్వజయ, పురోహితం చేసుకునే తండ్రి హరిహర్. మొదట రాసినప్పుడు అందులో దుర్గ లేదట. భాగల్‌పూర్‌లో ఒకరోజు చెదిరిన జుట్టుతో నిలబడిన ఒక పల్లె పిల్లను చూశారు. ఈ పిల్ల లేకుండా నా కథ పూర్తికాదు అనిపించి, రాసిందంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి రాశారని చెబుతారు. ఈనాడు ఆ కథలో అందరికీ గుర్తుండిపోయేది ఆ దుర్గే.

విచిత్ర అనే పత్రికలో వరుసగా వచ్చి, 1929లో పుస్తకంగా అచ్చయింది. దానికి కొనసాగింపు అపరాజితో 1932లో వచ్చింది. ఇందులో పేదరికం ఉంది, ఆకలి ఉంది, చావు ఉంది. కానీ ఎక్కడా ఏడుపుగొట్టుతనం లేదు. తినడానికి లేని ఇంట్లో కూడా పిల్లలకు వాన ఒక పండుగే, మామిడి పిందె ఒక పండుగే. ఇంటి ప్రేమ, చెట్టు ప్రేమ ఆయన దృష్టిలో వేరువేరు కావు. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని పొదల్లోకి తీసుకెళ్ళి చూపిస్తేనే ఆ తమ్ముడికి ప్రపంచం తెలిసింది.

చెట్లు కొట్టించిన చెట్ల ప్రేమికుడు

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయానికి వస్తాను. ఆ ఎస్టేటులో విభూతి బాబు డ్యూటీ ఏమిటి? అడవిని కాపాడడం కాదు. అడవిని కొట్టించి, భూమి చదును చేయించి, రైతులకు కౌలుకు ఇవ్వడం, జమీందారుకు ఆదాయం పెంచడం. ఏ అడవిని చూసి ఆయన మైమరచిపోయారో, ఆ అడవిని ఖాళీ చేయించడమే ఆయన జీతానికి పని. ఆ జీతం లేకపోతే ఇంటి దగ్గర పొయ్యి వెలగదు.

ఇలాంటి చోట చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నా తప్పేముంది, పైనుంచి ఆర్డరు అని చేతులు దులుపుకుంటారు. లేదా ఉద్యోగం సంగతి దాచిపెట్టి, అడవి అందాలు మాత్రమే వర్ణిస్తారు. విభూతి బాబు ఈ రెండూ చేయలేదు. అడవి గురించి ఒక పుస్తకం రాయాలని 1928లోనే డైరీలో రాసుకున్నారు. పదేళ్ళు మనసులో మోసి, 1939లో ఆరణ్యక్ అనే నవలగా ఇచ్చారు. దీన్ని మన తెలుగులో సూరం శ్రీనివాసులు గారు వనవాసి పేరుతో అనువదించారు. పథేర్ పాంచాలిని మద్దిపట్ల సూరి గారు తెలుగు చేశారు. ఇద్దరికీ మనం రుణపడి ఉన్నాం.

వనవాసిలో సత్యచరణ్ అనే నిరుద్యోగి కలకత్తా నుంచి అడవి ఎస్టేటుకు మేనేజరుగా వస్తాడు. మొదట్లో ఎప్పుడు పారిపోదామా అనుకుంటాడు. నెమ్మదిగా అడవి అతన్ని లోబరుచుకుంటుంది. వెన్నెల రాత్రులు, గుర్రం మీద ప్రయాణాలు, అన్నం అనేది పండుగకు కూడా దొరకని పేదలు. కచేరీలో అన్నం వండుతున్నారని తెలిసి పిలవకపోయినా మైళ్ళ దూరం నడిచి వచ్చేవాళ్ళు ఉంటారు. రాజ్యం పోయి పశువులు కాసుకునే దోబ్రూ పన్నా అనే ఆదివాసీ ముసలి రాజు, ఆయన మునిమనవరాలు భానుమతి ఉంటారు. మన సింగ్‌భూమ్‌లో సంతాల్, హో కుటుంబాల మధ్య బతికే మనకు ఈ మనుషులు కొత్తవాళ్ళుగా అనిపించరు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చినవాడు యుగళప్రసాద్. వాడికి ఒక పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో పూల విత్తనాలు, తీగలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ భూమి వాడిది కాదు. ఆ పువ్వులు ఎవరూ కొనరు. ఎవరూ మెచ్చుకోరు. సరస్వతీ కుండి అనే సరస్సు చుట్టూ అలా రకరకాల పూలు పెంచుతాడు. చివరికి అడవితో పాటు అదీ పోతుంది. పుస్తకం చివర సత్యచరణ్ ఆ అడవి దేవతలను తలచుకుని క్షమించమని వేడుకుంటాడు. నాశనం తన చేతుల మీదుగానే జరిగిందని ఒప్పుకుంటాడు.

మా యూనిట్‌లో ఒక బెంగాలీ హవల్దార్ ఈ కథను రాత్రి డ్యూటీలో ముక్కలు ముక్కలుగా నాకు చెప్పేవాడు. తెలుగు పుస్తకం నా చేతికి చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. చదివాక నాకు తోచింది ఒక్కటే. ఆర్డరు పాటించడం వేరు, ఆ ఆర్డరు వల్ల ఏం పోయిందో గుర్తుపెట్టుకోవడం వేరు. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోది చేయడానికి ధైర్యం కావాలి. విభూతి బాబుకు ఆ ధైర్యం ఉంది. పర్యావరణం అనే మాట మన వార్తాపత్రికల్లోకి రాకముందే, 1939లోనే, ఒక ఉద్యోగి తన ఉద్యోగం గురించి ఇంత నిజాయితీగా రాశాడంటే నిజంగా ఆశ్చర్యమే.

మళ్ళీ ఇల్లు

భాగల్‌పూర్ నుంచి తిరిగొచ్చాక ఆయన మళ్ళీ పంతులే అయ్యారు. కలకత్తా ధర్మతలాలోని ఖేలత్‌చంద్ర స్కూల్లో, ఆపైన సొంత ఊరి దగ్గర గోపాల్‌నగర్ హైస్కూల్లో. పుస్తకాలకు పేరొచ్చినా బడి వదల్లేదు. చివరిదాకా పంతులుగానే ఉన్నారు.

గౌరి పోయిన ఇరవై రెండేళ్ళకు, 1940 డిసెంబరులో, రమాదేవిని పెళ్ళి చేసుకున్నారు. బన్‌గావ్‌లో ఉండగా ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన అమ్మాయి ఆమె. ఆయన ఆమెను కల్యాణి అని పిలిచేవారు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్ళు. 1947లో కొడుకు తారాదాస్ పుట్టాడు. యాభై మూడేళ్ళ వయసులో తండ్రి అయ్యారన్నమాట.

ఘాట్‌శిలా ఇల్లు ఆయనకు దక్కడం కూడా ఒక కథే. ఒక స్నేహితుడికి ఆయన ఐదు వందల రూపాయలు అప్పిచ్చారట. ఆయన తీర్చలేక, దానికి బదులుగా ఈ ఇల్లు రాసిచ్చారని చెబుతారు. తమ్ముడు నుటుబిహారి డాక్టరు. ఘాట్‌శిలాలోనే వైద్యం చేసేవారు. బడికి సెలవులు రాగానే విభూతి బాబు ఇక్కడికి వచ్చేసేవారు. పొద్దున్నే లేచి ఫూల్‌డుంగ్రీ గుట్ట మీద సాల చెట్ల కింద కూర్చోవడం, సువర్ణరేఖ ఒడ్డున నడవడం, తిరిగొచ్చి రాసుకోవడం. ఇల్లు, తమ్ముడు, భార్య, అడవి, నది అన్నీ ఒక్కచోట దొరికిన ఊరు ఆయనకు ఘాట్‌శిలా.

మన సింగ్‌భూమ్ అడవులను ఆయన తిరిగినట్టు ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా తిరిగి ఉండరు. అటవీ శాఖ అధికారి యోగేంద్రనాథ్ సిన్హా ఆయనకు మంచి మిత్రుడు. ఆయనతో కలిసి చాయిబాసా వైపు, సారండా అడవుల్లోకి వెళ్ళేవారు. సారండా అంటే 700 కొండలు అని అర్థం చెబుతారు. ఆ ప్రయాణాల మీద వనే పహాడే, హే అరణ్య కథా కవో అని రెండు పుస్తకాలు రాశారు. ఇప్ప పువ్వు రాలే కాలం, మోదుగ పూసే కాలం, సాల చెట్టు చిగురించే కాలం ఆయనకు క్యాలెండర్ లేకుండా తెలుసు.

అడవి రచయిత అని ఆయన్ను ఒకే గదిలో పెట్టేయడం కూడా సరికాదు. 1937లో పిల్లల కోసం చాందేర్ పహాడ్ రాశారు. శంకర్ అనే బెంగాలీ కుర్రాడు ఆఫ్రికా వెళ్ళి సింహాలను, ఎడారిని ఎదుర్కొనే సాహస కథ. ఆయన జీవితంలో ఆఫ్రికా చూడలేదు. భూగోళం, ప్రయాణాల పుస్తకాలు చదివి రాశారు. 2013లో అది సినిమాగా కూడా వచ్చింది. 1940లో ఆదర్శ హిందూ హోటల్ రాశారు. రాణాఘాట్ స్టేషన్ బజారులో వంట చేసే హజారీ ఠాకూర్ కథ అది. ఎవరో ఒకరి హోటల్లో గరిటె తిప్పుతూ, ఎప్పటికైనా సొంత హోటల్ పెట్టాలని కలగనే వంటవాడు. మన లంగర్ కుక్‌లకు చదివి వినిపించాల్సిన పుస్తకం. 1943 కరువులో బెంగాల్ జనం ఆకలితో చచ్చిపోవడం కళ్ళారా చూసి అశని సంకేత్ రాశారు. దాన్ని సత్యజిత్ రాయ్ సినిమా తీస్తే 1973లో బెర్లిన్‌లో మొదటి బహుమతి వచ్చింది.

చివరి రోజులు, తర్వాత

1950 దసరా సెలవులకు విభూతి బాబు ఎప్పటిలాగే ఘాట్‌శిలా వచ్చారు. అక్కడే జబ్బు పడ్డారు. గుండెపోటుతో 1950 నవంబరు 1న గౌరీకుంజ్‌లో కన్నుమూశారు. వయసు 56. సువర్ణరేఖ ఒడ్డున దహనం చేశారు. కొద్ది రోజులకే డాక్టరు తమ్ముడు కూడా పోయారు. ఒకే వారం పది రోజుల్లో ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు లేకుండా పోయారు.

తారాదాస్‌కు అప్పటికి మూడేళ్ళు. తండ్రి ముఖం కూడా సరిగా గుర్తుండని వయసు. రమాదేవి ఒంటరిగా కొడుకును పెంచింది. అమరుల ఇళ్ళకు మన సంఘం తరఫున వెళ్ళినప్పుడు ఇలాంటి తల్లుల్ని మనం చూశాం. ఆ కష్టం ఏమిటో మళ్ళీ నేను వర్ణించక్కర్లేదు. 1951లో ఆయన చివరి నవల ఇచ్ఛామతికి బెంగాల్ ప్రభుత్వం రవీంద్ర పురస్కారం ఇచ్చింది. తీసుకోవడానికి ఆయన లేరు.

పథేర్ పాంచాలి సినిమా తీస్తానని సత్యజిత్ రాయ్ వచ్చినప్పుడు ఆయన ఒక్క సినిమా కూడా తీయని కొత్త మనిషి. ఆయన్ను నమ్మి అనుమతి ఇచ్చింది రమాదేవే. రాయ్ అంతకుముందే, 1944లో, ఆ నవల పిల్లల ప్రతికి బొమ్మలు వేసి ఉన్నారు. మధ్యలో డబ్బు అయిపోయి షూటింగ్ ఆగిపోతే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయం చేసింది. 1955లో విడుదలయింది. 1956లో కాన్స్ ఉత్సవంలో మానవ జీవితాన్ని ఉత్తమంగా చూపిన చిత్రంగా బహుమతి పొందింది. ఆ నవలల మీదే రాయ్ అపరాజితో, అపూర్ సంసార్ కూడా తీశారు. ఈ కీర్తి ఏదీ విభూతి బాబు చూడలేదు.

తారాదాస్ పెద్దయ్యాక తానూ రచయిత అయ్యాడు. అపు కొడుకు పేరు కాజల్. తండ్రి ఆపిన చోటి నుంచి ఆ కథను ఎత్తుకుని కాజల్ అనే నవల రాశాడు. 2010లో ఆయనా కాలం చేశారు. తండ్రిని సరిగా చూడని కొడుకు తండ్రి కథను ముందుకు నడిపించాడు. ఇంతకంటే ఒక తండ్రికి ఏం కావాలి?

బన్‌గావ్ దగ్గర ఇచ్ఛామతి ఒడ్డున పార్మదన్ అడవిని ఇప్పుడు విభూతిభూషణ్ వన్యప్రాణి అభయారణ్యం అంటారు. జింకలు తిరిగే ఒక అడవికి ఆయన పేరు పెట్టడం ఏ శిలావిగ్రహం కంటే కూడా సరైన గౌరవం. ఘాట్‌శిలాలో పాడుబడిపోయిన గౌరీకుంజ్‌ను స్థానికులు పూనుకుని బాగుచేసి నిలబెట్టారు. ఆయన వాడిన వస్తువులు కొన్ని అక్కడ చూడవచ్చు.

మనకేమిటి సంబంధం?

ఇది బెంగాలీల సంగతి, మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. నేను చెప్పేది ఇది. మన జంషెడ్‌పూర్ ఉక్కు మీద నిలబడ్డ ఊరు. ఉక్కుకు కావలసిన ముడి ఇనుము నోవాముండీ నుంచి, విభూతి బాబు తిరిగిన ఆ సింగ్‌భూమ్ కొండల నుంచే వచ్చింది. నోవాముండీ, గువా, కిరీబురు గనుల పేర్లు తెలియని ఇల్లు ఇక్కడ లేదు. మన తాతలు శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి ఈ కార్ఖానాకే వచ్చారు. దాని మీదే మన పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు జరిగాయి. ఫౌజులో మనం పట్టిన ఆయుధంలోనూ ఇనుమే ఉంది. అంటే సత్యచరణ్ ఎస్టేటులో జీతం తీసుకున్నట్టే మనమూ అడవి ఖర్చు మీద బతికినవాళ్ళమే. ఉక్కు వద్దు, గనులు మూసేయండి అని నేను అనడం లేదు. దేశానికి ఉక్కు కావాలి. కానీ తిన్న అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో మరచిపోకూడదు.

కనీసం మనం చేయగలిగింది ఒకటుంది. మన పిల్లలకు, మనవలకు తుపాకుల పేర్లు, మొబైళ్ళ పేర్లు తెలుసు. మన వీధిలో చెట్టు పేరు తెలియదు. సిద్ధగోరాలో మన ఇళ్ళ మధ్య ఉన్న కానుగ ఏది, కదంబం ఏది, మద్ది ఏది అని అడిగితే తెల్లమొహం వేస్తారు. దుర్గ అపుకు చూపించినట్టు మనం చెయ్యి పట్టుకుని చూపించాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, పై చదువు అక్కర్లేదు. పెన్షన్ తీసుకుంటున్న మనకు టైముకు కొదవ లేదు. ఖాళీ జాగా దొరికితే యుగళప్రసాద్‌లా నాలుగు విత్తనాలు వేయాలి. ఎవరు చూస్తారు, ఎవరు మెచ్చుకుంటారు అని ఆలోచించకూడదు.

ఈసారి మన సంఘం కుటుంబాలతో ఘాట్‌శిలా పిక్నిక్ పెట్టుకుంటే, బురుడీతో పాటు గౌరీకుంజ్‌లో కూడా ఒక గంట ఆగుదామని నా మనవి. నవంబరు 1 ఆయన వర్ధంతి. మన ఆంధ్ర అవతరణ దినం కూడా అదే తేదీ కాబట్టి తెలుగువాళ్ళకు గుర్తుపెట్టుకోవడం తేలికే. వనవాసి, పథేర్ పాంచాలి తెలుగు ప్రతులు దొరికితే మన సంఘం అల్మారాలో పెడదాం. చదివిన పిల్లలకు మరుసటి ఏడాది ఈ సంచికలో రాసే అవకాశం ఇద్దాం.

అడవిని ప్రేమించి ఇంటిని నిర్లక్ష్యం చేయని మనిషి, ఇంటి కోసం అడవిని కొట్టించినా ఆ సంగతి దాచుకోని మనిషి, మన నది ఒడ్డున నిద్రపోయిన ఆ బడిపంతులు విభూతి బాబుకు మన తెలుగు ఫౌజీ కుటుంబాల తరఫున ఒక సెల్యూట్.

జై హింద్.

ఒక విశ్రాంత సుబేదార్, సిద్ధగోరా, జంషెడ్‌పూర్